బొమ్మ ఎవరి కోసం?

ఫోటోషాప్ తెరిస్తే ఎడమ అంచున నిలువుగా ఉండే పనిముట్ల వరుసలో ఒక నల్లటి గుండ్రం, దానికో సన్నటి కాడ ఉన్న గుర్తు కనిపిస్తుంది. పిల్లల కంటికి అది లాలీపాప్. పేరు డాడ్జ్. దాని వెనకే దాక్కున్న ఇంకో గుర్తు వేళ్లు ముడిచిన చెయ్యి, పేరు బర్న్. మొదటిది రుద్దినచోట వెలుగు పెంచుతుంది, రెండోది నలుపు పెంచుతుంది. ఈ రెండూ డార్క్‌రూమ్ నుంచి వచ్చినవే. ఎన్‌లార్జర్ కింద కాగితం మీద నెగెటివ్ నీడ పడుతున్నప్పుడు మొహం మరీ నల్లబడకుండా, తీగకు గుచ్చిన గుండ్రటి అట్టముక్కను కాసేపు అడ్డం పెట్టేవారు. తెల్లగా తేలిపోతున్న ఆకాశానికి మాత్రం ముడిచిన గుప్పిటి సందులోంచి ఇంకొన్ని సెకన్లు వెలుగు వదిలేవారు. ఈ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన థామస్ నోల్, జాన్ నోల్ అన్నదమ్ములు; అమెరికాలో ప్రొఫెసరైన వాళ్ల నాన్నకు ఇంటి నేలమాళిగలో సొంత డార్క్‌రూమ్ ఉండేది. 1990 ఫిబ్రవరిలో బజారుకొచ్చిన ఫోటోషాప్ ఆ చీకటి గదిని తెరమీదికి ఎక్కించింది. కొత్తదనుకుని మనం పిల్లలకు నేర్పుతున్న ఈ పనిముట్ల పెట్టె నిజానికి పాత వృత్తి తాలూకు పురావస్తుశాల. అట్టముక్క ఎందుకు అడ్డం పెట్టేవారో తెలియనివాడికి ఆ గుర్తు లాలీపాప్‌గానే మిగిలిపోతుంది.

బొమ్మ తీయడం, బొమ్మ దిద్దడం, అక్షరాన్ని పేజీలో కూర్చడం, వీటిని చదువులో భాగంగా పిల్లలకు నేర్పాలన్న ప్రయత్నం తెలుగు ప్రాంతాలు భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో నూట డెబ్బై ఏళ్ల పైమాటే. పెన్సిలు, కెమెరా, కంప్యూటరు, ఇప్పుడు ట్యాబు. పనిముట్టు మారినప్పుడల్లా బడి దాన్నే పాఠంగా చేసుకుంది, అది పాతబడినప్పుడల్లా పాఠం కూడా అటకెక్కింది. కారణం అడిగితే డబ్బుల్లేవనో, టీచర్లు లేరనో చెప్పేవాళ్లే ఎక్కువ. రెండూ నిజాలే, కానీ అసలు సంగతి ఆ రెండింటిలోనూ లేదు. పిల్లవాడు చేసిన బొమ్మ కోసం అవతల ఒకరు ఎదురుచూస్తున్న చోటల్లా ఈ విద్య నిలబడింది. పరీక్షాధికారి తప్ప దాన్ని చూసేవాళ్లెవరూ లేనిచోట ఎండిపోయింది. చరిత్రను ఈ కోణంలోంచి చూస్తే, డిజిటల్ ఫోటోగ్రఫీని హైస్కూలు పిల్లలకు ఎలా నేర్పాలన్న ఇవాళ్టి తర్జనభర్జన మరీ అంత కొత్తదేమీ కాదనిపిస్తుంది.

మొదలు మద్రాసులో జరిగింది. అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ 1850లో సొంత ఖర్చుతో ఒక చిత్రకళా పాఠశాల పెట్టాడు, మరుసటి ఏడు దానికి పారిశ్రామిక పాఠశాలను జతచేశాడు, 1852లో ప్రభుత్వం దాన్ని తన కిందికి తీసుకుంది. కుండలు, చెక్క మీద చెక్కడం, డ్రాయింగు నేర్పే ఆ బడిలోకి ఫోటోగ్రఫీ కూడా వచ్చింది. ఫోటో తీసే తన పద్ధతిని డాగ్యూర్ పారిస్‌లో ప్రకటించింది 1839లో. అంటే ప్రపంచానికే కొత్తగా ఉన్న విద్యను ఇరవై ఏళ్లు తిరక్కముందే మద్రాసు కుర్రాళ్లు నేర్చుకున్నారు. ఇది వేడుకగా నేర్పిన చదువు కాదు. 1850ల చివర్లో మద్రాసు ప్రభుత్వానికి ఫోటోగ్రాఫరుగా ఉన్న లినేయస్ ట్రైప్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన సి. అయ్యస్వామి, హంటర్ బడిలో తయారైనవాడే. గుంటూరు సీమలో వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన అమరావతి స్తూపం పలకలు అప్పటికి మద్రాసులో ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1858లో ట్రైప్ వాటిని వరసగా నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఆ తర్వాత చాలా పలకలు ఓడెక్కి లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పలక మీది శిల్పం కనబడాలంటే వెలుగు ఏ పక్కనుంచి పడాలి, కొలత తెలియాలంటే ఎంత దూరంలో నిలబడాలి అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు చెప్పింది సిలబస్ కాదు, ఆ రాతి పలకలే. తెలుగు నేలకు సంబంధించిన ఒక గొప్ప కట్టడం పటాలకెక్కిన ఆ రోజుల్లోనే, ఆ పనికి బడిలో నేర్చిన చెయ్యి అక్కరకొచ్చిందన్నది మన కళావిద్య చరిత్రలో ఎవరూ పెద్దగా తలచుకోని సంగతి.

అది ఎక్కువ కాలం సాగలేదు. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్‌కు ప్రభుత్వ ఖర్చుతో ఫోటోలంటే విలాసంగా తోచింది. ఏడాది తిరిగేసరికి ట్రైప్ కార్యాలయం మూతపడింది. బడి మిగిలింది గానీ, ఆ తర్వాతి దశాబ్దాల్లో రాజధాని అంతటా వ్యాపించింది ఫోటోగ్రఫీ కాదు, డ్రాయింగు పరీక్ష. లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి అని పేరుపడిన వరస అది. ముందు నమూనా గీతను చూసి గీత, తర్వాత ఘనాకారాలు, తర్వాత జామెట్రీ బొమ్మలు, ఒక్కో మెట్టుకు ఒక్కో పరీక్ష, ఒక్కో సర్టిఫికెట్. దాని మనవలే మన లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు డ్రాయింగు పరీక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ పరీక్షల విభాగాలు వీటిని ఈనాటికీ జరుపుతున్నాయి. డ్రాయింగు మాస్టారి ఉద్యోగానికి ఆ కాగితం కావాలి. అంటే ఆ పరీక్ష పాసైనవాడు మళ్లీ అదే పరీక్షకు పిల్లల్ని తయారుచేస్తాడు. కుండ, దాని పక్కన చెంబు, దాని మీద పడ్డ నీడ తరాల తరబడి అలా పరీక్ష హాల్లోంచి పరీక్ష హాల్లోకే నడిచాయి. ఈ పద్ధతిని పూర్తిగా తీసిపారేయడం అన్యాయమే. గీత మీద అదుపు రావాలంటే చూసి గీయడానికి మించిన దారి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. సినిమా బ్యానర్లు రాసినవాళ్లలో, బోర్డులు రాసినవాళ్లలో ఆ అదుపు ఎంత అక్కరకొచ్చిందో ఎవరైనా ఒప్పుకుంటారు. లోపం చూసి గీయడంలో లేదు. గీసిన కుండను ఎవరూ కొనరు, వాడరు, గోడకు తగిలించరు. మార్కు పడగానే దాని ఆయుష్షు తీరిపోతుంది.

అదే కాలంలో ఈ పరీక్షల గొడవ లేకుండా చదువు నడిచిన చోట్లు వేరే ఉన్నాయి. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన లాలా దీన్ దయాళ్ 1870లలో కెమెరా పట్టాడు, ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరై సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో ఉంచాడు. ఇలాంటి స్టూడియోలే అసలైన పాఠశాలలయ్యాయి. కుర్రాడు ముందు ట్రేలు కడిగేవాడు, తర్వాత హైపో కలిపేవాడు, తర్వాత నీళ్లలో ప్రింట్లు తిరగేసేవాడు. చెయ్యి కుదిరిందని యజమానికి నమ్మకం కుదిరాక నెగెటివ్ టచింగ్ ఇచ్చేవారు. సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద చుక్కలు పెట్టి మొహం మీది మచ్చలు, ముడతలు కనబడకుండా చేసే పని అది. చుక్క ఎక్కువైతే పెళ్లికూతురి చెంప సున్నం కొట్టినట్టుండేది, ఆమె తండ్రి కౌంటరు ముందు నిలబడి అడిగేవాడు. ఆ అడగడమే పరీక్ష. కాలేజీ లోపల కూడా ఇలాంటిది ఒకసారి జరిగింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే చిత్రకళ తన సిలబస్‌లో లేకపోయినా దామెర్ల రామారావు అనే కుర్రాడి బొమ్మలు చూశాడు, ఆదరించాడు, బొంబాయి జె.జె. స్కూలుకు పంపేందుకు పూనుకున్నాడు. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయాడు. ఆ కథలో కుంచెకూ రంగుకూ ఉన్నంత చోటు, బొమ్మను చూసి గుర్తుపట్టిన ఒక మనిషికీ ఉంది.

కంప్యూటరు వచ్చాక కూడా ఇదే వరస తిరిగి నడిచింది, ఈసారి మరింత వేగంగా. 1985లో ఆల్డస్ సంస్థ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. 1985లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు ఏర్పడ్డాయి. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, కానీ పదేళ్లలో అవి ఒకచోట కలుసుకున్నాయి. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలు అదే బాట పట్టాయి. ప్రతి మండల కేంద్రం నుంచీ రోజూ వార్త కావాలి, దానికి ఫోటో కావాలి. 1993లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు టి.ఎన్. శేషన్ ఓటరు గుర్తింపు కార్డులకు ఆదేశించాక ఊరూరా జనం కెమెరా ముందు వరస కట్టారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ ప్రాస్పెక్టస్‌లు అచ్చుయంత్రం పెట్టెల్లోంచి డీటీపీ సెంటరు తెరమీదికి మారాయి. జిల్లా కోర్టు పక్కనో బస్టాండు ఎదురుగానో రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, అను ఫాంట్లు, ట్రేసింగ్ పేపరు కట్టతో ఉండే ఆ సెంటరులో పదో తరగతి తప్పిన కుర్రాళ్లు మార్జిన్ అంటే ఏమిటో, లైన్ల మధ్య ఎంత ఖాళీ వదలాలో, ముహూర్తం అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో నేర్చుకున్నారు. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక ఈ కుర్రాళ్లే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేశారు, ఫ్లెక్సీలు కట్టారు. ఫ్లెక్సీల రంగుల గోల మీద చాలామందికి చాలా ఫిర్యాదులున్నాయి, వాటిలో సగం నిజాలే. కానీ ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో పదిహేడు మొహాలను హోదా వరస తప్పకుండా ఇమడ్చడం ఎంత కష్టమైన కూర్పు పనో ఒప్పుకోవాలి. డిజైన్ కాలేజీలో దాన్ని దృశ్య ప్రాధాన్య క్రమమని పాఠం చెప్తారు. ఇక్కడ ఒక మొహం చిన్నదైతే రాత్రికి రాత్రే ఫ్లెక్సీ చిరిగిపోతుంది.

ఈలోగా బడిలో ఏం జరిగింది? 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద బ్రిటన్ నుంచి తెప్పించిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన బడులకు ఇచ్చింది. 2004లో ఐసీటీ పథకం వచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు సంస్థలతో ఐదేళ్ల ఒప్పందం కుదుర్చుకుని ల్యాబులు పెట్టారు. సంస్థ కంప్యూటర్లు తెచ్చి, బోధకుల్ని పెట్టి, గడువు తీరాక అన్నీ బడికి అప్పగించి వెళ్తుంది. గడువు తీరింది, బోధకుల ఉద్యోగాలు పోయాయి, యంత్రాలు మిగిలాయి. వాటి మీద పిల్లలు నేర్చింది చాలావరకు మెనూల పేర్లు. పెయింట్‌లో ఒక ఇల్లు, ఒక కొండ, కొండ వెనక సూర్యుడు. అది పాత కుండా చెంబూ బొమ్మకు కొత్త వేషం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగున్నర లక్షల పైచిలుకు ట్యాబులు పంచారు. ప్రతిదానికీ కెమెరా ఉంది. అయినా పిల్లలు ఆ ట్యాబులో చూడాల్సింది ఎవరో తీసిన పాఠాలను. తాము తీయాల్సింది ఏదీ ఆ పథకంలో భాగం కాలేదు. పనిముట్టు చేతికందింది గానీ అవతల ఎదురుచూసే మనిషి లేడు.

ఇంతవరకూ చెప్పింది విని, అయితే బడి తప్పుకుని స్టూడియోకీ డీటీపీ సెంటరుకీ వదిలేయమంటారా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే బజారు బడికి ఒక చీకటి కోణం ఉంది. స్టూడియోలో చేరాలంటే యజమాని తెలిసినవాడై ఉండాలి, చాలాచోట్ల చుట్టమో కులపువాడో అయి ఉండాలి. డార్క్‌రూమ్ తలుపు ఆడపిల్లలకు తెరుచుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జీతం లేని ఏళ్లు గడిపే స్తోమత అందరికీ ఉండదు. పైగా గిరాకీ ఏది అడిగితే అదే అక్కడ విద్య. మొహం తెల్లగా చెయ్యమంటే తెల్లగా చెయ్యడం తప్ప, ఎందుకు తెల్లబరచాలి అని అడిగే తీరిక ఆ కౌంటరు దగ్గర ఉండదు. మూడు తరాల తెలుగు స్టూడియోలు మన చర్మం రంగు మీద చేసిన దిద్దుబాటు ఒక పెద్ద సామాజిక పత్రం. ఆ ప్రశ్న వేయగలిగింది బడి ఒక్కటే. కులం, ఆడామగా, డబ్బు అడగకుండా చేర్చుకోగలిగిందీ బడే. కాబట్టి బడి తప్పుకోవడం కాదు, బజారు దగ్గర ఉన్న ఒక్క గుణాన్ని అరువు తెచ్చుకోవడం జరగాలి. చేసిన పని ఎవరికో అందాలి, వాళ్లు బాగుందనో లేదనో చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ నాలుగేళ్లకోసారి మారిపోతుంటే దాని కోసం బడి పీరియడ్లు ఎందుకు తగలెయ్యాలన్నది రెండో అభ్యంతరం. ఇప్పుడు ఫోనే మొహాన్ని తెల్లబరుస్తుంది, నాలుగు మాటలు చెబితే యంత్రమే బొమ్మ గీసిస్తుంది కదా అంటారు. దీనికి జవాబు దక్షిణాదిలోనే మరో రాష్ట్రంలో దొరుకుతుంది. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, కొంత వాదోపవాదం తర్వాత డబ్బు కట్టనక్కర్లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. అక్కడి హైస్కూలు పుస్తకాల్లో గింప్, ఇంక్‌స్కేప్ వంటి బొమ్మల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. 2018లో ఆ రాష్ట్రం హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ క్లబ్బులు పెట్టింది. యానిమేషన్, కెమెరా పని, మలయాళంలో టైపింగు నేర్చుకున్న పిల్లలు తమ బడిలో జరిగేవాటిని చిత్రించి, వార్తలుగా కూర్చి బయటికి పంపుతారు. గింప్ రేపు మరో పేరుతో వచ్చినా వాళ్లు నేర్చింది పోదు, ఎందుకంటే వార్షికోత్సవంలో స్టేజీ వెనక వెలుగుంటే మొహాలు నల్లగా పడతాయని తెలుసుకున్నది ఏ సాఫ్ట్‌వేర్‌కూ చెందిన సంగతి కాదు. హైదరాబాదు కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ బస్తీ పిల్లల కోసం ఇలాంటి కేంద్రాలు నడిపింది, అంటే మనకు తెలియని దారేమీ కాదు. తేడా ఏమిటంటే కేరళలో అది ప్రభుత్వ పుస్తకంలోకి, పరీక్షలోకి వెళ్లింది. ఇక్కడ స్వచ్ఛంద కార్యకర్తల ఆదివారాల మీద నడిచింది.

పరీక్షలోకి వెళ్తే మళ్లీ కుండా చెంబూ అవదా అన్న అనుమానం సహజం. అవుతుంది, పరీక్ష మెనూ పేరు అడిగితే. డార్క్‌రూమ్ కాలపు డాడ్జ్‌ను అడగవలసిన తీరు వేరు. ఒక ఫోటో ఇచ్చి, ఇందులో అవ్వ మొహం కనబడటం లేదు, ఏం చేస్తావు, ఎందుకు అని అడగాలి. ఫోన్‌లో వెలుగు పెంచుతానన్నా సరే, అవ్వను గుమ్మంలోంచి ఇవతలికి జరపమంటానన్నా సరే. రెండోది చెప్పిన పిల్లకు రెండు మార్కులు ఎక్కువ వెయ్యాలని నా పక్షపాతం. ఐటీఐల్లో ఇప్పుడు డిజిటల్ ఫోటోగ్రాఫర్, డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అన్న ట్రేడులున్నాయి. హైస్కూలు వాటికి ముందుమెట్టు కానక్కర్లేదు; చూసేవాడి కన్నును తయారుచేస్తే చాలు. వంద మందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఆ కుర్చీ ఖాళీగా ఉన్న బడికి ట్యాబులు పంపితే అవి ఎవరి చేతిలో పెట్టినట్టు?

తెలుగు పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది, అది అక్షరం దగ్గర. డీటీపీ సెంటర్లు నేర్చిన తెలుగు యూనికోడ్ తెలుగు కాదు. తెరమీద తెలుగులా కనబడే, లోపల ఇంగ్లీషు సంకేతాలున్న ఫాంట్ల తెలుగు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పెళ్లి పత్రిక పిచ్చి గీతల మూట. పిల్లలు ఫోన్లో టైపు చేసేదేమో యూనికోడ్. పేజ్‌మేకర్ యూనికోడ్‌ను ఎరగకుండానే 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఆగిపోయింది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడేవి; కొత్త వెర్షన్లలో కూడా దక్షిణాసియా లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే ఇప్పటికీ పడతాయి. ఈ కొరతను కొంత తీర్చింది అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర. అది విడుదల చేయించిన మల్లన్న, సూరన్న, ధూర్జటి, పెద్దన వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. అష్టదిగ్గజాలు ఫాంట్ల జాబితాలో వరసగా నిలబడటం ముచ్చటైన విషయమే. అయితే ఫాంటు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఊళ్లో పల్స్ పోలియో ఆదివారానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పోస్టరు చేశారనుకోండి. ‘ప్రాథమిక ఆరోగ్య కేంద్రం’ అన్న మాటలో రావత్తు ఊడి పక్కకు పడితే సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీయదు, పరీక్ష పేపరు దిద్దేవాడికి అది కంటబడదు. పంచాయతీ ఆఫీసు గోడ దగ్గర ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివే ముసలాయన మాత్రం అక్కడే ఆగిపోయి, ఇదేం రాతరా అని అడుగుతాడు.